పందెపు బాటకు హద్దు ఎక్కడ?

(సంఘం ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటేటా ఈ వేదిక మీద పంచాంగ శ్రవణం ముగిసిన తరువాత ఒక పండితుడో, ఒక మాస్టారో మాట్లాడటం ఆనవాయితీ. ఈ ఏడు కార్యదర్శిగారు గూడ్సు ఆఫీసు గుమాస్తానైన నన్ను నిలబెట్టినారు. నా చదువు మెట్రిక్‌తో ఆగింది. నాన్నగారు సర్వీసులో ఉండగానే పోయినందువలన ఆ కుర్చీ నాకు వచ్చింది. ఈ ఖుర్దా రోడ్డు రైల్వే కాలనీలోనే పుట్టి, బడిలో ఒడియా, ఆఫీసులో హిందీ, ఇంట్లో అమ్మ దగ్గర తెలుగు నేర్చుకున్నవాడను. నా భాషలో తప్పులు దొర్లితే పెద్దలు మన్నించవలెను.

"నీకు తెలిసినదే చెప్పవయ్యా" అన్నారు కార్యదర్శిగారు. నాకు తెలిసినవి రెండే. వ్యాగన్ల లెక్క ఒకటి. రాత్రిపూట కంప్యూటరు మీద ఆడే కారు పందెం రెండవది. మొదటిది వినడానికి మీరు పండుగపూట కొత్త బట్టలు కట్టుకుని రాలేదు గనుక రెండవదే చెబుతాను. పైగా ఈ ఆట మూలంగా మా ఇంట్లో జరిగిన రభస కాలనీలో సగంమందికి తెలుసు. మా అక్కయ్య నాతో నెలరోజులు మాట్లాడలేదు. సగం తెలిసినవారికి మిగతా సగం చెప్పడం కూడా నా బాధ్యతే.

ముందుగా ఆట ఏమిటో చెప్పాలి. బల్లకు బిగించిన స్టీరింగు చక్రం, కాళ్లకింద పెడళ్లు, ఎదుట తెర. కారు ముందు చక్రాలకు పట్టు తప్పితే చేతిలోని స్టీరింగు తేలిపోతుంది; గతుకు ఎక్కితే అదురుతుంది. నిజమైన రేసు ట్రాకులను లేజరు కిరణాలతో కొలిచి, ఎత్తుపల్లాలతో సహా కంప్యూటరులోకి ఎక్కిస్తారు. ఇంటర్నెట్టు ద్వారా పదిమంది పది ఊళ్లనుంచి ఒకే ట్రాకు మీద పందెం వేసుకుంటారు. దీనిని సిమ్ రేసింగ్ అంటారు. పిల్లకాయల బొమ్మలాట అనుకునే పెద్దలకు ఒక్క మాట. 2020లో కరోనా వలన ఫార్ములా వన్ పందెములు ఆగిపోయినప్పుడు, ఆ సంస్థవారే ఈ విధంగా కంప్యూటరు పందెములు నడిపినారు. వాటిలో అసలు రేసర్లు కూడా కూర్చుని ఆడినారు.

మా లీగు చిన్నది. ఖుర్దా రోడ్డు, భువనేశ్వరం, బరంపురం, విశాఖపట్నం ఊళ్లనుంచి పదిమంది తెలుగువాళ్లము. ఆదివారం రాత్రి తొమ్మిదింటికి కూర్చుంటాము. అసెట్టో కోర్సా అని ఇటలీవారు 2014లో విడుదల చేసిన ఆట. పాత కంప్యూటరు మీద కూడా నడుస్తుంది గనుక మాబోటి వాళ్లకు అదే గతి. లెక్కలు వ్రాయడం నా వృత్తి గనుక తీర్పరి పని కూడా నా నెత్తిన పెట్టినారు. అందుచేత నేను పందెంలో పాల్గొనను.

ఇక హద్దు సంగతి. రైలు పట్టాలకు హద్దు అనే ప్రశ్న లేదు. పట్టా దిగిన బండికి ఎవరూ జరిమానా వేయనక్కరలేదు. కాని యార్డులో రెండు లైన్లు కలిసేచోట ఫౌలింగ్ మార్కు అని ఒక గుర్తు ఉంటుంది. ఆ గుర్తు దాటి వ్యాగను నిలబెడితే పక్క లైనులో వచ్చే బండికి తగులుతుంది. ఆ గుర్తును ఎవరి ఇష్టప్రకారం అక్కడ పెట్టలేదు. వ్యాగను వెడల్పు ఎంత, లైన్ల మధ్య ఎడం ఎంత అని కొలిచి పెట్టినారు. దాటితే ఏమవుతుందో పోర్టరు కుర్రవానికి కూడా తెలుసు.

కారు పందెపు బాటకు అటువంటి హద్దు బాట అంచున గీసిన తెల్లగీత. ఫార్ములా వన్ నియమం ప్రకారం బాట అంటే ఆ రెండు తెల్లగీతల మధ్య ఉన్నదే. గీత పక్కన ఎరుపు తెలుపు రంగులు వేసిన కర్బు బాటలోనిది కాదు. కారులో ఏ భాగమూ బాటకు తగలకుండా బయటకు పోతే, అంటే నాలుగు చక్రాలూ గీత దాటితే, హద్దు మీరినట్టు లెక్క. ఒక్క చక్రం గీత మీద ఉన్నా సరే, తప్పు లేదు.

దాటితే లాభమేమిటని అడుగవచ్చును. మలుపు ఎంత విశాలంగా తిరిగితే అంత వేగంగా తిరగవచ్చును. వంద మీటర్ల వ్యాసార్ధంగల మలుపులో గంటకు 150 కిలోమీటర్లతో తిరగగలిగిన కారు, అదే పట్టుతో 110 మీటర్ల వ్యాసార్ధంలో సుమారు 157తో తిరుగుతుంది. ఆ ఏడు కిలోమీటర్లు మలుపుతో ఆగిపోవు. ఆ తరువాత వచ్చే తిన్నని దారి మీద కూడా వెంట వస్తాయి. కాబట్టి పొడవైన తిన్నని దారికి ముందున్న మలుపులోనే అందరికీ గీత దాటాలని బుద్ధి పుడుతుంది. వంకర తిరిగిన షికేను దగ్గర దీనికి ఎదురు. అక్కడ లోపలినుంచి అడ్డం కోస్తారు.

అన్ని మలుపులలోనూ ఈ బుద్ధి ఎందుకు పుట్టదు? గీతకు ఆవల ఏమున్నది అన్నదే దానికి జవాబు. గీత ఆవల గోడ ఉంటే ఎవడూ దాటడు. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్‌సాగరు ఒడ్డున ఫార్ములా ఈ విద్యుత్ కార్ల పందెం జరిగింది. నేను పాసు మీద వెళ్లి చూసి వచ్చినాను. నెక్లెస్ రోడ్డు పొడవునా కాంక్రీటు దిమ్మలు, వాటి మీద ఇనుప కంచె. ఆనాడు గెలిచినవాడు ఫ్రెంచివాడు జ్యాఁ ఎరిక్ వెర్న్. ఆ గోడల మధ్య తెల్లగీత దాటినాడా లేదా అని తగవులాడే అవసరమే లేదు; గోడే తీర్పరి. (మరుసటి ఏడు జరగవలసిన పందెం రద్దయింది. మళ్లీ వస్తే చూడని వాళ్లు చూడండి.)

గీత ఆవల గడ్డి, కంకర ఉంటే గోడ అంత కఠినం కాదు గాని కాలం పోతుంది. మన రైల్వేలో అదుపు తప్పిన బండిని ఆపడానికి ఇసుక దిబ్బ పోసి ఉంచుతామే, ఆ జాతిదే. కాని కంకరలో దిగబడిన కారు కొన్నిసార్లు పల్టీ కొడుతుంది. గడ్డి మీద బ్రేకు పట్టదు. అందుకని గడచిన పాతికేళ్లలో చాలా ట్రాకులలో కంకర తీసి, విశాలంగా తారు పరచినారు. ఫ్రాన్సులోని పోల్ రికార్ ట్రాకు చూస్తే నీలం, ఎరుపు చారలతో చీర పరచినట్టుంటుంది. నీలం చార కొంత గరుకు, ఎరుపు చార మరింత గరుకు. దారి తప్పిన కారు టైర్లను పట్టి ఆపడానికి. ప్రాణరక్షణకు మంచిదే. కాని బయటకు పోయినవాడు ఏమీ పోగొట్టుకోకుండా తిరిగి వచ్చేస్తాడు. అప్పుడు ఆ తెల్లగీత ఉట్టి సున్నపు గీత అవుతుంది. దానికి బలం ఇవ్వవలసినవాడు మనిషి. తగవులన్నీ అక్కడ మొదలైనాయి.

పెద్దవాళ్ల సంగతే చూడండి. 2021లో బహ్రెయిన్ పందెంలో నాలుగవ మలుపు దగ్గర హామిల్టన్ చుట్టు వెంట చుట్టు గీత దాటి పోయినాడు. పందెం రోజున ఆ మలుపులో చుట్టుకాలం కొట్టివేయము అని నియమం పెట్టినందున మొదట ఊరుకున్నారు. పందెం మధ్యలో ఇక చాలు అని హెచ్చరించినారు. చివరలో వెర్స్టాపెన్ అదే మలుపు బయటినుంచి హామిల్టన్‌ను దాటినాడు. గీత దాటి లాభం పొందినావు, స్థానం తిరిగి ఇచ్చివేయమన్నారు. ఇచ్చినాడు. ముప్పాతిక సెకనుకు తక్కువలో ఓడిపోయినాడు. నియమం ప్రకారం అంతా సక్రమమే. కాని ఒకే గీతకు ఒకే రోజున మూడు అర్థాలు వచ్చినాయి.

దానికన్నా పెద్ద కథ 2023 జూలై 2న ఆస్ట్రియాలో జరిగింది. స్పీల్బెర్గ్ ఊరి దగ్గర రెడ్ బుల్ రింగ్ అని చిన్న ట్రాకు. ఆనాటి లెక్కకు 4.318 కిలోమీటర్లు, పది మలుపులు. చివరి రెండు మలుపులు, తొమ్మిది, పది, పల్లానికి దిగుతూ వేగంగా కుడికి తిరుగుతాయి. కారు దానంతట అదే ఎడమకు, బయటకు జరుగుతుంది. కర్బు ఆవల అంతా తారు. పది తరువాత తిన్నని దారి. బుద్ధి పుట్టడానికి ఇంతకన్నా ఏమి కావాలి? ఆ ఒక్క పందెంలో హద్దు మీరినట్టు అనుమానించిన సందర్భాలు 1200కు పైగా పరిశీలనకు వచ్చినాయి. పందెం నడుస్తుండగా అన్నిటినీ చూడటం అక్కడి అధికారులకు శక్యం కాలేదు. కొందరికి వెంటనే జరిమానా పడింది, కొందరివి కళ్లబడలేదు. పందెం ముగిసిన తరువాత ఆస్టన్ మార్టిన్ జట్టు అభ్యంతరం చెబితే మళ్లీ మొదటినుంచి లెక్క చూసి, ఎనిమిదిమందికి కొత్తగా జరిమానాలు వేసినారు. నాలుగవవాడుగా ఇంటికి పోయిన కార్లోస్ సైన్జ్ ఆరవవాడైనాడు.

దీనిని నేను పేపరులో చదివి నవ్వుకున్నాను. లక్షలు జీతాలు తీసుకునేవాళ్లకు ఈ పాటి లెక్క చేతకాలేదా అన్నాను. నా వంతు వచ్చేవరకు నా నవ్వు నిలిచింది.

పోయిన ఏడు మా లీగు అదే రెడ్ బుల్ రింగ్ మీద పందెం పెట్టింది. ఇరవై చుట్లు, సుమారు అరగంట. నియమాల కాగితం నేనే తెలుగులో వ్రాసి అందరికీ పంపినాను. "తెల్లగీతే హద్దు. నాలుగు చక్రాలూ దాటితే తప్పు. మూడు తప్పులు మన్నింపు. ఆపైన తప్పుకు అయిదు సెకన్లు." పెద్ద నియమాల పుస్తకం వ్రాసినంత గర్వపడినాను.

నా మేనల్లుడు మొదట వచ్చినాడు. అక్కయ్య కొడుకు, పాలిటెక్నిక్ చదువుతున్నాడు. రెండు సెకన్లు వెనుకగా విశాఖ అబ్బాయి రెండవవాడు. ఆ రాత్రే విశాఖ అబ్బాయి ఫిర్యాదు పంపినాడు: మొదట వచ్చిన కారు పదవ మలుపులో పదే పదే గీత దాటింది, రీప్లే చూడండి అని. చూసినాను. ఏడుసార్లు దాటింది. మూడు మన్నింపు పోగా నాలుగు తప్పులు, ఇరవై సెకన్లు. మావాడు ఒకటినుంచి ఆరుకు దిగినాడు. సొంత మేనల్లుడని చూడకుండా తీర్పు చెప్పినానని లోలోపల కొంత మురిసినాను కూడా, దాచడం ఎందుకు.

మరునాడు వాడు ఇంటికి వచ్చి రెండు ప్రశ్నలు వేసినాడు. "మావయ్యా, నేను గీత దాటినప్పుడు కంప్యూటరు నన్ను ఒక్కసారి కూడా హెచ్చరించలేదు. మరి అది తప్పు ఎలా అవుతుంది?" ఇది మొదటిది. "నువ్వు మిగతా తొమ్మిదిమంది కార్లు కూడా చూశావా?" ఇది రెండవది.

మొదటిదానికి జవాబు వెతకడానికి నాకు వారం పట్టింది. తెలిసిన సంగతి ఏమిటంటే, కంప్యూటరుకు తెల్లగీత కనబడదు. ఈ ఆటలో ట్రాకు నేల అంతా ముక్కలు ముక్కలుగా పేరు పెట్టి ఉంటుంది: ఇది రోడ్డు, ఇది కర్బు, ఇది గడ్డి, ఇది ఇసుక. ప్రతి ముక్కకు ఎంత పట్టు, ఎంత అదురు అని అంకెలు. వాటితో పాటు, ఇది చెల్లే బాటా కాదా అని ఒకటో సున్నో. చక్రం ఏ ముక్క మీద ఉన్నదో చూసి, ఎన్ని చక్రాలు బయటకు పోవచ్చునని మనం అనుమతించినామో దానితో పోల్చి హెచ్చరిస్తుంది. చాలా ట్రాకులలో కర్బుకు ఒకటి వేసి ఉంటుంది. అంటే కంప్యూటరు లెక్కలో కర్బు బాటే. నా కాగితంలో కర్బు బాట కాదు. మావాడు నాలుగు చక్రాలూ కర్బు మీద పెట్టి పోయినాడు. కంప్యూటరు ధర్మశాస్త్రం ప్రకారం సజ్జనుడు, నా ధర్మశాస్త్రం ప్రకారం దోషి.

ఇతర ఆటలలో పద్ధతులు వేరు. ఐరేసింగ్ అనే అమెరికావారి ఆటలో బాట విడిచిన ప్రతిసారీ ఒక తప్పు అంకె వేస్తారు. చాలా పందెములలో ఆ అంకె 17కు చేరితే బయటకు పంపుతారు. గ్రాన్ టురిస్మో ఏడవ భాగంలో సెకన్ల జరిమానా వేసి, బాట మీద గుర్తించిన చోట వేగం తగ్గించి తీర్చుకోమంటారు. వ్రాసిన నియమం ఒకటి, యంత్రం కొలిచేది ఒకటి అయితే ఏ ఆటలోనైనా తగవు తప్పదు.

రెండవ ప్రశ్నకు మాత్రం వారం అక్కరలేకపోయింది. చూడలేదు. ఫిర్యాదు వచ్చిన కారునే చూసినాను.

మా గూడ్సు షెడ్డులో సరుకు దించడానికి గడువు ఉంటుంది. గడువు దాటితే డెమరేజి. ఒక వర్తకుని వ్యాగనుకు గంటలు లెక్కపెట్టి డెమరేజి వ్రాసి, పక్క వ్యాగన్ల రిజిస్టరు తెరవని గుమాస్తాను మీరు ఏమంటారు? ఆ మాటలు ఈ వేదిక మీద అనకూడదు. అక్కయ్య మాత్రం అన్నది. "ఒరే తమ్ముడూ, నా కొడుకు తప్పు చేస్తే వెయ్యి, నేను వద్దనను. వాడొక్కడిదే చూశావంటే నీకు నీ నిజాయితీ నలుగురికీ చూపించుకోవాలని ఉంది" అన్నది. ఆ తరువాత నెల్లాళ్లు మాట లేదు. సంక్రాంతికి అరిసెలు కూడా పక్కింటి పిల్ల చేత పంపింది.

అప్పుడు లెక్క వేసినాను. పది కార్లు, ఇరవై చుట్లు, రెండు మలుపులు: 400 సందర్భాలు. ఒక్కొక్కదానికి పది సెకన్లు చూసినా గంట దాటుతుంది. అనుమానం ఉన్నచోట వెనక్కు తిప్పి, పక్కనుంచి, పైనుంచి చూస్తే ఇక చెప్పనక్కరలేదు. రెండు రాత్రులు కూర్చున్నాను. మా ఇంటావిడ టీ పెట్టి ఇస్తూ, ఆఫీసు పని ఇంత శ్రద్ధగా చేస్తే ఈపాటికి హెడ్డు గుమాస్తా అయ్యేవారు అన్నది.

తేలినది ఇది. మావాడు ఏడుసార్లు దాటినాడు, సరే. ఫిర్యాదు చేసిన విశాఖ అబ్బాయి తొమ్మిదిసార్లు. మూడవవాడు ఆరు, నాలుగవవాడు అయిదు, అయిదవవాడు ఎనిమిది. వెనుకవాళ్లవీ ఇంచుమించు అంతే. ఆరవవాడు, బరంపురం కుర్రవాడు, మందుల షాపులో పనిచేస్తాడు. అతను మొదటివానికి 14 సెకన్లు వెనుక వచ్చినాడు. నలభై సందర్భాలలో అతను దాటినది సున్న. ప్రతి చుట్టులోనూ తొమ్మిది, పది మలుపులలో కొంచెం ముందుగా బ్రేకు పట్టి, ఒక చక్రం గీత మీద ఉంచుకుని తిరిగినాడు. చుట్టుకు ముప్పాతిక సెకను చొప్పున పోగొట్టుకుంటూ ఇరవై చుట్లు తిరిగినాడు. ఫిర్యాదు లేదు, మాట లేదు.

ఫోను చేసి అడిగినాను, ముందున్నవాళ్లు అందరూ కర్బు మీద పోతుంటే నువ్వెందుకు పోలేదయ్యా అని. "మీరు కాగితంలో వ్రాశారు కదండీ" అన్నాడు. నాకు కాసేపు నోట మాట రాలేదు.

అందరికీ ఒకే కొలతతో జరిమానాలు వేస్తే బరంపురం కుర్రవాడు మొదటివాడైనాడు, నాలుగవవాడు రెండవవాడు, మావాడు మూడు, విశాఖ అబ్బాయి అయిదు. కొందరు ఒప్పుకోలేదు. కంప్యూటరు ఊరుకున్నదానికి శిక్ష ఏమిటి, పందెం రద్దు చేయండి అన్నారు. ఆ వాదంలో బలం లేకపోలేదు. తప్పు నా కాగితానిదీ, కంప్యూటరుదీ పొత్తు. కాని రద్దు చేస్తే ఆ కాగితాన్ని నమ్మిన ఒక్కడికీ అన్యాయం జరుగుతుంది. అందుకని మొదటి తీర్పు నాది తప్పని లీగు అందరి ఎదుట చెప్పి, రెండవ తీర్పు నిలిపినాను. ఒకడు లీగు మానుకున్నాడు. మేనల్లుడు మానలేదు. "ఆరు కన్నా మూడు నయం కదా మావయ్యా" అన్నాడు.

ఆస్ట్రియావాళ్లు ఏమి చేశారో ఇప్పుడు శ్రద్ధగా చదివినాను, నవ్వకుండా. 2024 పందెం నాటికి ఆ తొమ్మిది, పది మలుపుల బయట కర్బు వెనుక సన్నని కంకర పట్టీ పోసినారు. దాటితే కంకరలో పడి కాలం పోగొట్టుకుంటావు. ఆ రెండు మలుపుల దగ్గర గొడవ చల్లారింది. ఆ ట్రాకు మీద మోటారు సైకిళ్ల పందెములు కూడా జరుగుతాయి గనుక అందరికీ సరిపడే ఏర్పాటు చేయడం వాళ్లకు తేలిక కాలేదు. అయినా నాకు తోచినది చెబుతాను: వెయ్యి రీప్లేలు చూసే తీర్పరికన్నా ఆ కంకర పట్టీ మేలు. దానికి మేనల్లుడూ లేడు, ఫిర్యాదూ అక్కరలేదు.

మేము కంకర పోయలేము. ట్రాకును మాత్రం ఎన్నుకోగలము. అందుచేత ఈ ఏడు మొదటి పందెం ఇటలీలోని ముజెల్లో మీద. 5.245 కిలోమీటర్లు, పదిహేను మలుపులు, చాలాచోట్ల కర్బు దాటగానే గడ్డీ కంకరా. ఆట మీద కూడా కంకరలో కారు ఈడ్చుకుంటుంది. పందెం ముందురోజు నేనే స్వయంగా కారు నడిపి, ఏ మలుపులో కంప్యూటరు ఊరుకుంటున్నదో, ఎక్కడ హెచ్చరిస్తున్నదో వ్రాసి పెడతాను. కంప్యూటరు కొలవని మలుపుకు నియమం వ్రాయను. వ్రాస్తే, ఫిర్యాదు వచ్చినా రాకపోయినా పది కార్లూ చూస్తాము.

చూడటానికి నేనొక్కడినే చాలను. ఆదివారం రాత్రి పందెం అయ్యాక ఒక గంట కూర్చుని రీప్లే చూడగలవాళ్లు నలుగురు కావాలి. కారు నడపడం రానక్కరలేదు; గీత ఎక్కడున్నదో చూడగలిగితే చాలు. కళ్లజోడు ఉన్నవాళ్లు తెచ్చుకోండి. పేర్లు కార్యదర్శిగారికి ఇవ్వండి. మా అక్కయ్య నిన్ననే తన పేరు ఇచ్చింది. ఆమెకు తొమ్మిది కార్లు ఇస్తాను. పదవది, వాళ్లబ్బాయిది, వేరేవాళ్లు చూస్తారు.

సెలవు.